రెండు వేళ్ళ అంచు

పెద్దమ్మ చేతిలో కూరల సంచీ, పెద్ద పిల్ల చేతిలో బీరువా తాళంచెవి. కిందటి వారం ఇద్దరినీ అలా ఎదురెదురుగా నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా కాళ్ళు పీక్కుపోతున్నా అలాగే నిలబడి ఉన్నారు. ఇక ఆలస్యం చెయ్యకుండా లోపలికి వెళ్దాం.

ఇవాళే మనతో కలిసినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. పెద్దమ్మకి తోడబుట్టింది ఒక్క చెల్లెలే. బేకరీలో కేకుల మీద క్రీము పూలు వేసే ఉద్యోగం ఆమెది. ఎనిమిది నెలల కిందట జ్వరమని ఆసుపత్రిలో చేరి, ఐదే రోజుల్లో, ఎవరికీ నమ్మబుద్ధి కానంత తొందరగా పోయింది. ఆమె పిల్లలిద్దరూ ఇప్పుడు సెలవులకి పెద్దమ్మ ఇంటికి వచ్చారు. పెద్ద పిల్లకి పన్నెండేళ్ళు. చిన్నదానికి ఆరు, దాన్ని అందరూ బుడ్డి అంటారు. తల్లి బట్టలన్నీ ఈ ఇంట్లోనే ఉన్నాయని వాళ్ళకి తెలుసు. ఆ బట్టలతో పెద్దమ్మ చెరొక బొంత కుడుతోందనీ, వెళ్ళే రోజున ఇద్దామని బీరువాలో దాచి తాళం వేసిందనీ తెలీదు. ఈ ఆదివారం పొద్దున పెద్దమ్మ కూరలకి వెళ్ళిన అరగంటలో ఆ తాళంచెవి పెద్ద పిల్లకి దొరికింది.

పెద్దమ్మ ఇంకొకటి కూడా దాచుకుంది. దానికి బీరువా అక్కర్లేదు. చెల్లెలు తన మీద కోపంతో పోయిందా అన్న ప్రశ్న అది. ఆ ఐదు రోజులూ మంచం పక్కన కూర్చున్నది పెద్ద పిల్ల. సమాధానం తెలిస్తే దానికే తెలియాలి. పిల్లలు వచ్చిన నాలుగు రోజుల నుంచీ ఆ ప్రశ్న పెద్దమ్మ నోటిదాకా వస్తోంది, వచ్చిన ప్రతిసారీ మింగేసి "ఇంకొంచెం పెట్టనా?" అని అన్నం గిన్నె అందుకుంటోంది.

బొంతలు కుట్టడం పెద్దమ్మకి పొట్ట గడిచే పని కాదు, పిచ్చి. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి, వచ్చినవాళ్ళ చెవుల కొలతకి ఫ్రేము కాడలు వంచి, ముక్కు మీద జారకుండా సర్ది పంపిస్తుంది. ఇంటికి రాగానే వంట, గిన్నెలు, మర్నాటి డబ్బాలు. అవన్నీ అయ్యాక దొరికే గంటన్నర మాత్రం ఆమె సొంతం, ఆ గంటన్నరలో పిలిస్తే పలకదు. లిఫ్టులు బాగుచేసే పెదనాన్నకి సోఫాలో కూర్చునే ముందు ఒకసారి తడిమి చూసుకోవడం అలవాటైపోయింది. "ముప్ఫై అంతస్తుల మీద తాడుకి వేలాడాను, ఒక్క గాయం లేదు. నాకు గాయాలన్నీ ఈ సోఫాలోనే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తాడు. పిల్లలు వస్తున్నారనగానే పెద్దమ్మ కుట్టుమిషను మడిచి, వెనకగది మంచం మీది గుడ్డల గుట్టలు ఎత్తి, అయస్కాంతం పట్టుకుని నేలంతా పాకింది. ముప్ఫై ఒక్క గుండుసూదులు దొరికాయి. ముప్ఫై రెండోది మొదటిరోజే బుడ్డి కాలికి దొరికింది.

అంత హడావిడిలోనూ ఆ రెండు బొంతల పని ఆగలేదు. పిల్లలు లేవకముందే ఐదింటికి లేచి, వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని, చేత్తో కుట్టేది. ఈ పని ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతా తప్పులన్నీ మాసిపోతాయని ఆమె ఆశ. మనిషికి ఏదో ఒక ఆశ లేకపోతే పొద్దున్నే లేవడం కష్టం కదా.

"ఎప్పుడు తీశావే బీరువా?" అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు. బుడ్డి ముందుగదిలో టీవీ ముందు బోర్లా పడుకుని బొమ్మల సినిమా చూస్తోంది. పెదనాన్న ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని పనిముట్ల పెట్టె పట్టుకుని పొద్దున్నే వెళ్ళిపోయాడు.

పెద్ద పిల్ల పక్కకి జరిగింది. దాని వెనక మంచం మీద రెండు బొంతలూ పరిచి ఉన్నాయి. ఒకటి చుట్టూ కుట్టే అంచుపట్టీతో సహా పూర్తయింది. రెండోది పైబట్ట, దూదిపొర, అడుగుబట్ట కలిపి పొడుగు కుట్లతో టాకాలు వేసి ఉంది, ఇంకా అసలు కుట్టు పడాలి. దిండు పక్కన మిగిలిన ముక్కల సంచీ కూడా బోర్లించి ఉంది.

పెద్దమ్మకి ముందు ఉసూరుమనిపించింది, ఆ వెంటనే ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. అయిదు నెలల పని, ఇప్పటిదాకా మొగుడు తప్ప ఎవరూ చూడలేదు. సంచీ గుమ్మానికి ఆనించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది.

"దొంగపిల్లా! వెళ్ళే రోజున చూపించి మీ ఇద్దరి చేతా నోళ్ళు తెరిపిద్దామనుకున్నాను. సర్లే, చూసేశావుగా. ఇలా రా. ఈ చుక్కలది గుర్తుపట్టావా? మీ అమ్మ చుక్కల గౌను. దీన్ని మొదటిసారి వేసుకున్న రోజే కాఫీ ఒలకబోసుకుంది, ఇదిగో, ఆ మరక వచ్చేట్టే కత్తిరించాను, కావాలనే. ఇది బేకరీలో వేసుకునే తెల్ల చొక్కా. ఇది వానల్లో కట్టుకునే స్కార్ఫు. ఇది బుడ్డిది. నీది అదీ, ఇంకా కుట్టాలి. నీ దానికే ఎక్కువ టైము పట్టింది. నడిమధ్యలో ఏం పెట్టాలా అని నెలరోజులు ఆలోచించాను."

పెద్దమ్మ చెప్పిందంతా పెద్ద పిల్ల విన్నది. మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"నైటీ ఏది పెద్దమ్మా?"

"ఏ నైటీ?"

"ఆకుపచ్చది. కవర్లో పెట్టి ఉంటుంది. ఇక్కడంతా వెతికాను, కవరు లేదు."

"ఓ, అదా! అదేనే నీ బొంత నడిమధ్యలో పెట్టింది." పెద్దమ్మ రెండో బొంతని ముందుకి లాగి, మధ్యనున్న పెద్ద చదరాన్ని అరచేత్తో సాపు చేసింది. లేత ఆకుపచ్చ గుడ్డ, ఒక మూల జేబు కుట్టు కూడా అలాగే ఉంచింది. "అన్నిటికన్నా మెత్తటి గుడ్డ ఇదే. కప్పుకున్నప్పుడు సరిగ్గా నీ గుండెల మీదకి వస్తుంది."

పిల్ల ఆ చదరం వంక కాసేపు చూసింది. తర్వాత మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, ముఖం దానిలో పెట్టేసింది. అలాగే ఉండిపోయింది. పెద్దమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నచ్చిందనుకుంది. దాని వీపు నిమురుదామని చెయ్యి చాచింది.

పిల్ల తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఉతికేశావా?"

"ఆఁ?"

"పూల వాసన వస్తోంది. ఉతికేశావా దీన్ని?"

"ఉతక్కుండా ఎలా కుడతారే? ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కదా కత్తెర..."

"అన్నీనా? అన్నీ ఉతికేశావా?"

బొంతలు కుట్టేవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి, మొదటి పాఠం అదే. కొత్త గుడ్డ కానీ, పాత గుడ్డ కానీ, కత్తెర పెట్టేముందు వేడినీళ్ళలో జాడించి తీరాలి. లేకపోతే కుట్టాక ఒక ముక్క కుంచించుకుపోతుంది, ఇంకో ముక్క రంగు వదిలి పక్కదాన్ని పాడుచేస్తుంది, ఆర్నెల్ల కష్టం ఒక్క ఉతుకుతో నాశనమవుతుంది. ఇరవై ఏళ్ళుగా పెద్దమ్మ ఆ నియమం తప్పలేదు. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళకి కూడా వేలు చూపించి మరీ చెప్పేది. చెల్లెలి బట్టలైతే ఒకసారి కాదు, రెండుసార్లు ఉతికింది. చివర్లో, మంచి వాసన రావాలని, బట్టలకి పూల వాసన పట్టించే లిక్విడ్ కూడా మూతెడు పోసింది. పిల్లలు ముఖాల మీద కప్పుకుంటారు కదా అని అంత శ్రద్ధ.

"అమ్మకి పూల వాసన పడదు" అంది పెద్ద పిల్ల. "తుమ్ములొస్తాయి. నీకు తెలీదా?"

తెలుసు. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్ళు. తన సెంటు సీసాని చెల్లెలు కిటికీలోంచి కిందకి పారేస్తే ఇద్దరూ జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. అంతా తెలిసి కూడా, మూత తీసి పోసేటప్పుడు ఆ సంగతి తట్టనే లేదు. పెద్దమ్మకి తలకొట్టేసినట్టయింది.

"రెండు కవర్లలో పెట్టాను దాన్ని" అంటోంది పిల్ల. గొంతు పెంచలేదు, లెక్కల మాస్టారికి చేసిన లెక్క ఒప్పజెబుతున్నట్టు వరసగా చెబుతోంది. "ఒక కవర్లో పెట్టి ముడేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్ళీ ముడేశాను. గాలి పోకుండా. అమ్మ ఆసుపత్రికి వెళ్ళేముందు విప్పి మంచం మీద పడేసి వెళ్ళిందది. నేను రోజూ దాన్ని పట్టుకునే పడుకునేదాన్ని. నాన్న చూసి భయపడ్డాడు. అన్నీ పెద్దమ్మకి ఇచ్చేస్తానన్నాడు. నేను ఇవ్వనన్నాను. అక్కడైతే భద్రంగా ఉంటాయి, సెలవులకి వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు అన్నాడు. అందుకని ఇచ్చాను. సెలవులు ఎప్పుడొస్తాయా అని రోజూ క్యాలెండర్లో కొట్టేసుకుంటూ కూర్చున్నా."

"నాకు తెలీదు బంగారం. ఎవరూ చెప్పలేదే నాకు..."

"రెండు ముళ్ళు వేస్తే తెలీదా పెద్దమ్మా? తియ్యకూడదని?"

ఆ కవరు పెద్దమ్మకి బాగా గుర్తుంది. మరిది తెచ్చి దింపిన రెండు మూటల్లో అడుగున ఉంది. మాసిన బట్ట విడిగా కట్టారనుకుంది. ముడి ఊడిరాకపోతే కత్తెరతో కోసింది. కొయ్యగానే లోపల్నుంచి గుప్పుమంది. వెనీలా, దాని కింద చెమట, ఆ కింద ఇంకేదో, పేరు పెట్టలేనిది, చెల్లెలిది. ఆ వాసన ఏమిటో తెలియక ఉతికిందా? కాదు. తెలిసే ఉతికింది. ఒక్క క్షణం చెల్లెలు వచ్చి భుజం మీద గడ్డం ఆనించినట్టయి, తట్టుకోలేక, గబగబా తీసుకెళ్ళి అన్నిటికన్నా ముందు దాన్నే నీళ్ళలో ముంచేసింది. ఇన్ని నెలల్లో ఎవరికీ చెప్పని మాట ఇది, మొగుడికి కూడా.

టీవీలో పాట అయిపోయినట్టుంది, బుడ్డి గంతులేసుకుంటూ వచ్చింది. మంచం మీది బొంతని చూడగానే దాని ముఖం విప్పారింది.

"ఇది అమ్మ గౌనే! అక్కా, చూడూ, అమ్మ చుక్కల గౌను! స్కార్ఫు కూడా ఉంది!" మంచం ఎక్కి, పూర్తయిన బొంతని భుజాల మీదుగా చుట్టేసుకుని, ముక్క ముక్కనీ వేలితో పొడిచి చూసుకుంటోంది. "ఇది కేకుల చొక్కా. ఇది నాకు తెలీదు. ఇది కూడా అమ్మదేనా? పెద్దమ్మా, ఇది నాకేనా?"

"నీకే తల్లీ" అంది పెద్దమ్మ.

"తీసెయ్ బుడ్డీ" అంది పెద్ద పిల్ల.

"ఎందుకూ?"

"అది అమ్మది కాదు."

"అమ్మదే! చుక్కలున్నాయిగా."

"అమ్మ బట్టలు ఇలా ఉండవు. ఇవి పెద్దమ్మ ముక్కలు. తీసెయ్."

బుడ్డి అక్క వంకా పెద్దమ్మ వంకా మార్చి మార్చి చూసింది. కింది పెదవి వణికింది కానీ బొంత వదల్లేదు. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూనే పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆరేళ్ళ పిల్లకి ఆ ముక్కల్లో తల్లి కనబడింది, పన్నెండేళ్ళ పిల్లకి కనబడలేదు. ఎవరిని తప్పు పట్టగలం చెప్పండి.

పెద్దమ్మకి ఉన్నట్టుండి ఉక్రోషం తన్నుకొచ్చింది. తప్పు చేసిన మనిషికి వచ్చే ఉక్రోషం అది, తట్టుకోవడం మహా కష్టం.

"ముక్కలంటావేంటే? అయిదు నెలలు కుట్టాను. రోజూ ఐదింటికి లేచి, వేళ్ళు పొక్కిపోతే గుడ్డ చుట్టుకుని, మీ ఇద్దరి కోసమే కదా? ఒక్కో ముక్క కత్తిరించేటప్పుడు నేనెంత ఏడ్చానో నీకేం తెలుసు?"

"నువ్వెప్పుడూ కుడుతూనే ఉంటావు పెద్దమ్మా" అంది పిల్ల. "అమ్మ ఫోన్ చేసినప్పుడు కూడా కుడుతూనే ఉన్నావుగా."

ఆ ఫోను సంగతి తనకీ చెల్లెలికీ తప్ప ఎవరికీ తెలీదనుకుంది పెద్దమ్మ. మంగళవారం సాయంత్రం. శనివారం బొంతల ప్రదర్శన. ఏడాదిన్నర పట్టిన బొంత, అంచు కుట్టడం ఒక్కటే మిగిలింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతులు ఆపకుండా మాట్లాడింది. "అక్కా, ఒకసారి వస్తావా?" అంది చెల్లెలు. "ఆదివారం పొద్దున్నే వచ్చేస్తానే. ఈ అంచు ఒక్కటీ అయిపోతే తలనొప్పి వదులుతుంది. ఏం, జ్వరం తగ్గలేదా?" అంది తను. చెల్లెలు నవ్వింది. "సర్లే, కుట్టుకో" అంది. శుక్రవారం మధ్యాహ్నం కల్లా చెల్లెలు లేదు. శనివారం ఆ బొంత ప్రదర్శన గోడ మీద వేలాడుతున్న సమయానికి పెద్దమ్మ చెల్లెలి పాదాల దగ్గర కూర్చుని ఉంది. ఆ బొంతని తెచ్చుకోవడానికి ఇంతవరకూ వెళ్ళలేదు.

"నీకెలా తెలుసు?" అంది పెద్దమ్మ.

"అమ్మ చేతికి సెలైన్ సూది ఉంది. ఫోను పట్టుకోలేకపోతుంటే నేనే పట్టుకున్నా. స్పీకర్ పెట్టింది కూడా నేనే." పిల్ల తలుపు వైపు చూస్తూ మాట్లాడుతోంది. "అంచు మిగిలింది అన్నావు. అంచంటే ఏంటో నాకప్పుడు తెలీదు. చాలా పెద్దదేమో అనుకున్నా. చాలా రోజులు పడుతుందేమో, పాపం పెద్దమ్మకి కుదరదేమో అనుకున్నా. ఇవాళ బుడ్డి బొంతకి చూశాను."

చూపుడువేలూ మధ్యవేలూ కలిపి పైకెత్తింది.

"ఇంతే ఉంది పెద్దమ్మా."

పెద్దమ్మ ఆ రెండు చిన్న వేళ్ళకేసి చూడలేక తల దించుకుంది. పన్నెండేళ్ళ పిల్ల ముందు తల దించుకోవాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? దించుకుంది.

"మీ అమ్మ మామూలు జ్వరమనే చెప్పిందమ్మా. ఇంత ప్రమాదమని తెలిస్తే ఉన్నపళంగా రానా? నడిచైనా రానా?"

"నువ్వు అడిగావా ఎలా ఉందని?"

"జ్వరం తగ్గిందా అని అడిగా కదా."

"తగ్గలేదా అన్నావు. అమ్మ చెప్పేలోపు నువ్వే మళ్ళీ అంచు గురించి మాట్లాడావు."

అలా జరిగిందా? పెద్దమ్మ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఎనిమిది నెలలుగా ఆ మూడు నిమిషాలనీ ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసుకుంది, అయినా ఈ ముక్క ఆమెకి జ్ఞాపకం లేదు. సూది మీద ధ్యాస ఉన్నప్పుడు చెవులు ఏం వింటాయి, నోరు ఏం మాట్లాడుతుంది! అలాగే జరిగి ఉంటుంది. పిల్ల అబద్ధం చెప్పదు.

"తప్పు నాదే" అంది. ఇంకా ఏదో అనబోయి, అదే మాట మళ్ళీ అంది. "తప్పు నాదే తల్లీ. నేను రావాల్సింది."

పెద్ద పిల్ల తనవైపు బొంతలోంచి గుండుసూది ఒకటి తీసి, మంచం పక్కనున్న డబ్బాలో వేసింది. పెద్దమ్మ ఇల్లంతా పాకి ఏరుకున్న సూదుల డబ్బా.

"నాన్నకి ఫోన్ చేశాను" అంది. "నువ్వు కూరలకి వెళ్ళినప్పుడు. రేపు పొద్దున పదింటికి వస్తాడు. మేం వెళ్ళిపోతాం."

"రేపా? ఇంకా ఆరు రోజులున్నాయి కదే! మీ నాన్నతో నేను మాట్లాడతాను..."

"మాట్లాడకు. నాకు ఇక్కడ పనేం లేదు. నేనొచ్చింది నైటీ కోసం."

ఆ మాటతో పెద్దమ్మ లోపల ఇంతకాలం బిగపట్టుకున్నది ఏదో వదులైపోయింది. పిల్ల రేపు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతుందో లేదో. తొక్కినా ఈ పూట మాట్లాడినట్టు మాట్లాడదు. ఇప్పుడు అడక్కపోతే ఇక బతుకంతా అడగలేనని ఆమెకి అర్థమైంది. సిగ్గు విడిచి అడిగింది.

"ఒక్కటి చెప్పు తల్లీ. నేను ఫోన్ పెట్టేశాక... మీ అమ్మకి నా మీద కోపం వచ్చిందా?"

పిల్ల బొంత మధ్యలోని ఆకుపచ్చ చదరం మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. దాని వేళ్ళు అచ్చం చెల్లెలి వేళ్ళే. సన్నగా, కొసలు కొంచెం పైకి వంగి, క్రీము గొట్టం పట్టుకోవడానికి పుట్టిన వేళ్ళు.

"అమ్మ నీకో మాట చెప్పమంది" అంది పిల్ల చివరికి.

"నాకా? ఎప్పుడు?"

"శుక్రవారం పొద్దున. పెద్దమ్మ ఆదివారం వస్తుందిగా, నేను నిద్రపోతుంటే నువ్వు చెప్పు అంది. రెండుసార్లు చెప్పించుకుంది, మర్చిపోకుండా."

పెద్దమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "ఏమందే? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలనిపించలేదు."

"ఇప్పుడు చెప్పు. నీకు దణ్ణం పెడతాను. తిట్టినా సరే, ఏమన్నా సరే, అది ఎలా అంటే అలాగే చెప్పు. నేను దాని కోసం..." మాట పూర్తి చెయ్యలేకపోయింది. యాభై ఏళ్ళ మనిషి, పన్నెండేళ్ళ పిల్లకి నిజంగానే రెండు చేతులూ జోడించింది.

పిల్ల ఆ చేతుల వంక చూసింది. దాని ముఖంలో జాలి లాంటిది ఒక్క క్షణం కదిలింది. ఇక చెప్పేస్తుందనిపించింది. కానీ దాని కళ్ళు మళ్ళీ ఆ ఆకుపచ్చ చదరం మీదకి వెళ్ళాయి, వెళ్ళి అక్కడే ఆగిపోయాయి.

"నైటీ ఇవ్వు" అంది. "నేను కవర్లో పెట్టినప్పుడు ఎలా ఉందో అలా. అమ్మ వాసనతో. అప్పుడు చెబుతా."

"ఎక్కడినుంచి తేనే బంగారం? అది పోయింది కదా. ఎలా తేను?"

"నాకు తెలీదు. రేపు పదింటిదాకా ఉంటా."

మంచం దిగింది. తన బొంతని మాత్రం నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిగ్గా కలిపి, పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది. పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

పెద్దమ్మ లేచి ఆ తలుపు దాకా వెళ్ళింది. తట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఏమని పిలుస్తుంది? తలుపుకి నుదురు ఆనించి, నోటికి ఆ బొంతే అడ్డం పెట్టుకుని, పూల వాసనలో ముఖం దాచుకుని ఏడ్చింది. చెల్లెలు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

లోపల్నుంచి బుడ్డి గొంతు వినబడింది.

"అక్కా, పెద్దమ్మ ఏడుస్తోందే. తలుపు తియ్యనా?"

"వద్దు" అంది పెద్ద పిల్ల. "ఏడవనీ."